వెనక్కి పరిగెత్తకు తమ్ముడూ

ఎడిసన్, న్యూజెర్సీ

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నిన్న రాత్రి మరదలు నీ ఫోటో పంపింది. మియాపూర్‌లో ఏదో షెడ్డు కింద, నీలం రంగు కోర్టు మీద, పాడిల్, అదే ఆ ఆట బ్యాటు, పట్టుకుని పెళ్లికొడుకులా నిలబడ్డావు. మొన్ననే అరవై నిండి బ్యాంకు వాళ్లు శాలువా కప్పి పంపించారు కదా, ఇక పొద్దస్తమానం టీవీలో రాజకీయాల చర్చలు చూసి బీపీ పెంచుకుంటాడేమో అని నేను దిగులు పడుతుంటే, నువ్వు పికిల్‌బాల్ మొదలుపెట్టావు. ఎంత మురిసిపోయానో! కోడలికి చూపించాను, పక్కింటి గుజరాతీ ఆవిడకి చూపించాను. తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఫోటో పెద్దది చేసి చూస్తే, నీ కాళ్లకి ఉన్నవి రోజూ వాకింగ్‌కి వేసుకెళ్లే బూట్లు. దాని కింద మరదలు రాసిన ముక్క ఇంకా బాగుంది: "మూడు వారాల్లో అరవై దాటినవాళ్ల పోటీ ఉందట వదినా, పేరిచ్చేశారు."

మూడు వారాలా? ఆవకాయ ముక్క కూడా సరిగ్గా ఊరదు కదరా అప్పటికి.

ఫోన్లో చెబుదామంటే "అలాగే అక్కా, అలాగే" అంటూ నన్ను స్పీకర్లో పెట్టి పేపరు చదువుకుంటావు. అందుకని రాస్తున్నాను. పూర్తిగా చదువు.

మొదలుపెట్టే ముందు గుండె డాక్టరుకి చూపించుకో. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని ఆయన్నే అడుగు. నీళ్ల సీసా తీసుకెళ్లు. ఆటకి ముందు పది నిమిషాలు చేతులూ కాళ్లూ ఆడించు, ముఖ్యంగా పిక్కలు. రోజు విడిచి రోజు ఆడు. పాడిల్‌ని దొంగని పట్టుకున్నట్టు బిగించి పట్టుకోకు, మోచెయ్యి లాగేస్తుంది. ఇవన్నీ నీకు అక్కడ ఎవరైనా చెబుతారు.

ఎవరూ చెప్పనిది, ఈ కోర్టు మనల్ని మోసం చేస్తుందని. 1965లో సియాటిల్ దగ్గర బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో జోయెల్ ప్రిచర్డ్ అనే ఆయన, ఇద్దరు స్నేహితులు కలిసి ఇంటి దగ్గర పుట్టించిన ఆట ఇది. బ్యాడ్మింటన్ ఆడదామంటే సామాను దొరక్క పింగ్‌పాంగ్ బ్యాట్లూ చిల్లుల ప్లాస్టిక్ బంతీ తీసుకున్నారు, నెట్ కిందికి దించారు. కోర్టు కొలత మాత్రం బ్యాడ్మింటన్ డబుల్స్‌దే: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. నువ్వు తెనాలిలో ఆడిన బాల్ బ్యాడ్మింటన్ కోర్టులో మూడో వంతు కూడా ఉండదు. అందుకే ఇంతేగా, రెండడుగులు వేస్తే అందుతుంది అనిపిస్తుంది. ఆ రెండడుగులు ఎటు వేశామన్న దాని గురించే ఈ ఉత్తరమంతా.

నీ బాల్ బ్యాడ్మింటన్ సంగతి కూడా నాకు భయమే. కాలేజీలో నువ్వు ఆడుతుంటే నేను ఒకసారి చూశాను, గుంటూరు నుంచి సెలవు పెట్టి మరీ వచ్చి. ఆ పసుపు ఉన్ని బంతి నేలకి తగలకూడదు కదా, నువ్వు విల్లులా వెనక్కి వంగి దాన్ని అందుకుని కొట్టేవాడివి. నా పక్కన కూర్చున్న ఎవరో "ఆ కుర్రాడెవరు" అంటే "మా తమ్ముడు" అని అవసరమైన దానికంటే గట్టిగా చెప్పాను. అప్పుడు నీకు పద్దెనిమిది. ఆ అలవాటు ఒంట్లోంచి పోదు. చెయ్యి మర్చిపోదు, నడుముకి మాత్రం వయసొచ్చింది.

ఇక్కడ బంతి నేలకి తగలనివ్వాలి. అవతలివాడు సర్వ్ చేసింది నీ వైపు ఒకసారి నేలకి తగలాలి, నువ్వు తిప్పికొట్టింది వాళ్ల వైపు ఒకసారి తగలాలి, ఆ తర్వాతే గాలిలో కొట్టుకోండి. నెట్‌కి అటూ ఇటూ ఏడేసి అడుగులు ఉంటుంది చూశావా, దాన్ని కిచెన్ అంటారు. అందులో నిలబడి గాలిలో బంతి కొట్టకూడదు. గీత తొక్కినా తప్పే, కొట్టిన ఊపులో లోపలికి తూలినా తప్పే. నేలకి తగిలిన బంతి కోసం మాత్రం హాయిగా వెళ్లొచ్చు. యాభై ఏళ్లు నన్ను కిచెన్‌లోంచి బయటికి రానివ్వలేదు, ఇప్పుడు లోపలికి రానివ్వడం లేదు అని నేనంటే మా జట్టు వాళ్లంతా నవ్వుతారు.

ఆ గీత దగ్గర నిలబడి మెత్తగా, నెట్ మీదుగా అవతలి కిచెన్‌లో పడేట్టు వేస్తారు, దాన్ని డింక్ అంటారు. బంతిని బాదకుండా, ఉయ్యాల్లో బిడ్డని దించినట్టు దించాలి. మొదట్లో విసుగ్గా ఉంటుంది. నేర్చుకో. ఈ ఆటలో డెబ్భై ఏళ్ల వాళ్లు ముప్పై ఏళ్ల వాళ్లని ఓడించేది దానితోనే. సంతోషం కూడా అక్కడే ఉందిరా, ఆ గీత దగ్గర నలుగురూ ఎదురెదురుగా నిలబడి ఆడుతూ మాట్లాడుకోవచ్చు. మీ బావ పోయాక రెండేళ్లు నేను ఈ ఇంట్లో కిటికీ పక్క కుర్చీలోంచి లేవలేదు. 2021 ఎండాకాలంలో గుజరాతీ ఆవిడ చెయ్యి పట్టుకుని పార్కుకి లాక్కెళ్లింది. మొదటిరోజు చీరలోనే వెళ్లాను, కొంగు బిగించి. ఒక్క బంతి కూడా తగల్లేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఇప్పుడు నీకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి.

2022 అక్టోబరులో నా ఎడమ మణికట్టు విరిగింది కదా. మెట్ల మీద జారానని చెప్పాను. అబద్ధం. కోర్టులో పడ్డాను.

శనివారం పొద్దున ఎనిమిది. రాత్రి మంచు కురిసి కోర్టు ఇంకా తడిగానే ఉంది. ఎండ వచ్చేదాకా ఆగుదామని గుజరాతీ ఆవిడ అంది. నేనే తొందరపెట్టాను, ఎందుకంటే ఆ రోజు మనవరాలు బెంచీ మీద కూర్చుని చూస్తోంది. నానమ్మ ఎంత బాగా ఆడుతుందో దానికి చూపించాలి. అవతల ముప్పై ఏళ్ల మనవాళ్ల కుర్రాడు ఒకడు, వాడి స్నేహితుడు. నన్ను "ఆంటీ" అంటూ బంతులు మెల్లగా వేస్తున్నాడు. దాంతో ఇంకా మండింది. స్కోరు తొమ్మిది తొమ్మిది అయింది. పదకొండుకి ఆట, రెండు తేడా ఉండాలి. అప్పుడు వాడు బంతిని ఎత్తుగా నా నెత్తి మీదుగా లేపాడు, దాన్ని లాబ్ అంటారు.

వదిలేస్తే ఒక పాయింటు పోయేది. అంతే. పైగా నా జోడీ "నాది, నాది" అని అరుస్తూ అటునుంచి అడ్డంగా పరిగెత్తుకొస్తూనే ఉంది. నేను వినలేదు. తల పైకెత్తి, బంతి మీదే కళ్లు పెట్టి, వెనక్కి నడిచాను. ఒకటి. రెండు. మూడో అడుగుకి మడమ నేలకి పట్టేసింది. కాళ్లకి ఉన్నవి నీవి లాంటి బూట్లే, మెత్తటి ఎత్తు మడమవి, తిన్నగా ముందుకి నడవడానికి చేసినవి. ఒళ్లు వెనక్కి వెళ్లిపోయింది, ఎడమ చెయ్యి దానంతటదే వెనక ఆనింది. పుటుక్కుమన్న చప్పుడు నాకే వినపడింది.

నొప్పి తర్వాత వచ్చింది. ముందు గుర్తొచ్చింది అమ్మ. ఆకాశం కనిపిస్తోంది, లేవలేకపోతున్నాను. 1998లో దొడ్లో బావి గట్టు దగ్గర అమ్మ పడ్డప్పుడు ఆవిడకి అరవై ఎనిమిది. ఆ రోజు నాకూ సరిగ్గా అరవై ఎనిమిది. తుంటి విరిగితే మళ్లీ ఆవిడ నడవలేదు. ఏడు నెలలు వసారాలో మంచం మీదే. నువ్వు బ్యాంకు నుంచి వచ్చి రెండు చేతులతో ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేవాడివి, నీ మెడ చుట్టూ చెయ్యి వేసి చిన్నపిల్లలా సిగ్గుపడేది. నేను బడికి సెలవులిస్తే వచ్చి నాలుగు రోజులుండి వెళ్లిపోయేదాన్ని. నువ్వు నన్నెప్పుడూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

సరే. ఇంటికెళ్లి నేను చేసిన పని విను. అబ్బాయికి చెబితే ఆట మాన్పిస్తాడని, గడ్డకట్టిన బటాణీల పొట్లం చేతి మీద పెట్టుకుని, పైట కప్పుకుని కూర్చున్నాను. వాడు "ఏమైందమ్మా" అంటే "మెట్టు జారింది, ఏం లేదు" అన్నాను. పిల్ల నా వంక చూసింది. దాని చేత కూడా అబద్ధం మోయించాను. సాయంత్రానికి చెయ్యి బూరెలా పొంగింది, అప్పుడు ఆసుపత్రి. ఆరు వారాలు కట్టు. ఆ తర్వాత ఎముకల సాంద్రత పరీక్ష చేస్తే తేలింది, లోపల ఎముకలు ఎప్పటినుంచో గుల్లబారి ఉన్నాయని. ఆడవాళ్లకే వస్తుందనుకోకు. నీ డాక్టర్ని ఆ పరీక్ష గురించీ, డి విటమిన్ గురించీ అడుగు.

అందుకే చెబుతున్నాను, నువ్వు ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకు. బంతి నెత్తి మీదుగా వెళ్తే వెనక్కి అడుగు వెయ్యకు. ముందు ఒళ్లు పక్కకి తిప్పు, భుజం నెట్ వైపు పెట్టు, అప్పుడు ముందుకి నడిచినట్టే వెళ్లు. అందకపోతే వదిలెయ్యి. నీ జోడీ వైపు నుంచి అయితే అడ్డంగా తేలిగ్గా అందుతుంది, కాబట్టి ఆట మొదలయ్యే ముందే అనుకోండి, ఎవరి నెత్తి మీది బంతి ఎవరిదో. "నాది", "నీది" అని గట్టిగా అరవండి. మొహమాటపడితే ఇద్దరూ గుద్దుకుంటారు. పక్క కోర్టు బంతి దొర్లుకుంటూ మీ కాళ్ల కిందికి వస్తే, పాయింటు గెలిచే దెబ్బే అయినా సరే "బాల్" అని అరిచి ఆగిపోవాలి. ఆ చిల్లుల బంతి మీద కాలు పడితే గోళీల మీద నడిచినట్టే.

బూట్ల సంగతి. టెన్నిస్‌కో బ్యాడ్మింటన్‌కో చేసినవి కొనుక్కో. అడుగు చదునుగా, వెడల్పుగా, పక్కకి కదిలితే చీలమండ తిరగకుండా ఉండాలి. పాడిల్ మీద వేలకి వేలు తగలెయ్యకు, ఆ డబ్బు కాళ్లకి పెట్టు. తడి కోర్టు మీద ఆడకు. షెడ్డు ఉంది కదా అంటావు, వానాకాలంలో పక్కనుంచి జల్లు కొడుతుంది, అంచులు తడుస్తాయి.

కళ్లు. నీకు పోయినేడే శుక్లాల ఆపరేషన్ అయింది. కిచెన్ గీత దగ్గర బంతి ముఖం మీదికి వచ్చేలోపు రెప్ప కూడా పడదు. సులువుగా పగలని పాలికార్బొనేట్ అద్దాల ఆట కళ్లజోడు పెట్టుకో. నీ ప్రోగ్రెసివ్ కళ్లజోడు మాత్రం వద్దు. కింది సగం చదువుకోవడానికి కాబట్టి నేల అలుక్కుపోయినట్టు కనిపించి కాలు ఎక్కడ పెట్టామో తెలియదు.

ఇంకొకటి, మన మగవాళ్ల జబ్బు. ఛాతీ బరువుగా ఉన్నా, దవడో ఎడమ చెయ్యో లాగుతున్నా, చెమటలు పట్టినా "గ్యాస్" అంటారు. సోడా తాగి పక్కన కూర్చుని నిమిషాలు లెక్కపెట్టకు, 108కి చెయ్యమను. నీతో ఆడేవాళ్లకి నీకు షుగర్ ఉందని, బీపీ మాత్రలు వేసుకుంటావని చెప్పు. జేబులో నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు ఉంచుకో. ఎండాకాలంలో పొద్దున ఏడు లోపలే ఆట ముగించు. ఇక రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద ఆడితే నేను అక్కడికొచ్చి మరీ కొడతాను.

పోటీ మాన్పించను. మాన్పిస్తే నువ్వు నాలాగే అబద్ధాలు మొదలెడతావు. వెళ్లు, ఆడు. మొదటి ఆటలోనే ఓడిపోయి వచ్చినా మరదలి చేత పాయసం చేయించుకో. ఒగర్పు వస్తే ఎవరేమనుకున్నా ఆపి కూర్చో.

సంక్రాంతికి వస్తున్నాను. నా మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు, పూరీలు ఒత్తలేను, కానీ డింక్ కుడిచేత్తోనే కదా. మనిద్దరం ఒక పక్క నిలబడదాం. నెత్తి మీదుగా వెళ్లిన బంతులు ఎవరు తెచ్చుకుంటారో వాళ్లవి.

కొత్త బూట్లు కొన్నాక ఫోటో పంపు. పైభాగం నాకక్కర్లేదు. తిరగేసి, అడుగు కనిపించేట్టు తియ్యి.

ఇట్లు
మీ అక్క