తాడిచెట్టు తలే ముందు ఎందుకు కనబడుతుంది?

ప్ర: రాజోలు దగ్గర మా ఊళ్లో మేడెక్కి ఎటు చూసినా నేల పళ్లెంలాగే ఉంటుందండి. పూర్వం భూమిని బల్లపరుపు అనుకున్నవాళ్లది తప్పెలా అవుతుంది? మనవాళ్లలో గుండ్రమని ఎవరు, ఏం చూసి చెప్పారు?

జ: కంటికి కనబడినదాని నుంచి మొదలుపెట్టడం తప్పు కాదు. విష్ణుపురాణంలో భూమి పళ్లెమే. నడుమ మేరువు, చుట్టూ లక్ష యోజనాల జంబూద్వీపం, దాన్ని చుట్టి ఉప్పు సముద్రం. ఆపైన ఒక్కో ద్వీపం వెడల్పు రెట్టింపవుతూ చెరకు రసం, సుర, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీటి సముద్రాలు. సూర్యుడు మేరువు చాటుకి వెళితే రాత్రి. గ్రహగణితం చేసేవాళ్లకి ఇది కుదరలేదు. మేరువు ఉత్తరాన ఉండి రాత్రిని కలిగిస్తుంటే, మనకీ సూర్యుడికీ మధ్య అది కనబడదేం, చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరిగి ఎలా ఉదయిస్తాడని 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో నిలదీశాడు. మీ మేడ మీది అనుమానానికీ ఆయన దగ్గర జవాబుంది: వృత్తం చుట్టుకొలతలో నూరో వంతు సమంగానే కనబడుతుంది. భూమి చుట్టుకొలతలో నూరో వంతంటే 400 కిలోమీటర్లు. మన డెల్టా మొత్తం అందులో ఓ మూలకి సరిపోతుంది.

అంతకు ముందే, 8వ శతాబ్దంలో గ్రహగణితకారుడు లల్లుడు వేసిన ప్రశ్న మన తీరానికే రాసినట్టుంటుంది. నేల సమంగా ఉంటే, దూరాన ఉన్న తాడిచెట్లంతటి ఎత్తయిన చెట్లు కూడా కనబడవేమని అడిగాడు. అంతర్వేది వైపు వేట నుంచి తిరిగొచ్చే పడవలో నిలబడి చూడండి. కన్ను నీటికి 2 మీటర్ల ఎత్తున ఉంటే, 12 కిలోమీటర్ల దూరంలో ఒడ్డు మీది చెట్ల మొదళ్లు 3 నుంచి 4 మీటర్ల మేర నీటి వంపు కింద ఉంటాయి. ముందు తలలు, తర్వాత మాను, చివరికి ఇసుక కనబడతాయి. మసకే కారణమైతే చెట్టు పైనుంచి కిందిదాకా ఒకేలా మసకబారాలి, మొదలు మాత్రమే తెగిపోకూడదు.

ప్ర: గ్రీకువాళ్లు కర్ర నీడతో భూమిని కొలిచారంటారు. అమలాపురంలో మా పిల్లలతో చేయించవచ్చా?

జ: తప్పకుండా చేయించండి. క్రీ.పూ. 240 ప్రాంతంలో ఎరటోస్తనీస్, ఈజిప్టులోని సైయీన్‌లో (ఇప్పటి అస్వాన్) నడివేసవి మిట్టమధ్యాహ్నం నీడ పడని వేళ అలెగ్జాండ్రియాలో నీడ కోణం వృత్తంలో 50వ వంతు ఉందని చూశాడు. రెండూళ్ల మధ్య దూరం 5,000 స్టేడియాలు (స్టేడియా అప్పటి గ్రీకు దూరపు కొలత) కాబట్టి చుట్టుకొలత 2,50,000 స్టేడియాలన్నాడు. మన సిద్ధాంతులు పలభ కట్టే పద్ధతికీ మూలం నీడే: 12 భాగాల శంకువుకి (నిలువు కర్రకి) విషువ దినం, అంటే పగలూ రాత్రీ సమానమైన రోజు, మధ్యాహ్నం పడే నీడే పలభ. అమలాపురంలో అది మూడున్నర భాగాలకి కాస్త ఎక్కువ.

మార్చి 20న గానీ సెప్టెంబరు 23న గానీ సిమెంటు కళ్లం మీద మీటరు కర్ర నిలబెట్టండి. కళ్లం మీద కాసిని నీళ్లు పోస్తే వాలు తెలిసిపోతుంది. తాపీమేస్త్రి దారానికి కట్టి వేలాడదీసే గుండుతో కర్ర నిలువు చూసుకోండి. కర్ర మొదలు కేంద్రంగా 60 సెంటీమీటర్ల వృత్తం గీయండి. ఉదయం పది, పదిన్నర మధ్య నీడ కొస వృత్తంలోకి వస్తుంది, మధ్యాహ్నం రెండింటికి కాస్త ముందు బయటికి పోతుంది. రెండు గుర్తులనీ కలిపితే తూర్పు పడమరల గీత. దానికి లంబంగా నీడ పడ్డ క్షణమే అసలు మధ్యాహ్నం, గడియారంలో 12 కాదు. అమలాపురంలో మార్చిలో సుమారు 12:09, సెప్టెంబరులో 11:54. అప్పుడు నీడ దాదాపు 30 సెంటీమీటర్లు, కోణం 16.6 డిగ్రీలు.

చాలామందికి లెక్క చెడేది నీడ కొస దగ్గరే. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ బిళ్ల. అందుకే మీటరు కర్ర కొస సుమారు సెంటీమీటరు మేర అలుక్కుపోతుంది. ఆ ఒక్క సెంటీమీటరు తేడా అర డిగ్రీ, అంటే నేల మీద సుమారు 58 కిలోమీటర్లు! కర్ర కొసన 5 మిల్లీమీటర్ల బెజ్జం ఉన్న అట్టముక్క అడ్డంగా పెట్టండి. కింద పడే వెలుగు బిళ్ల నడిబొడ్డు నుంచి, బెజ్జానికి సరిగ్గా కింద గుండు తాకే చోటిదాకా కొలవండి. భూమిని కొలవాలంటే అదే రోజు మరో ఊళ్లోనూ ఒకరు నీడ కొలవాలి. ఆ రెండో మనిషిని రాజమండ్రిలో పెట్టకండి. తేడా అర డిగ్రీ కూడా రాదు, పొరపాట్లలో కలిసిపోతుంది. ప్రయాగరాజ్ దాదాపు మన రేఖాంశం మీదే ఉంది, అక్కడ నీడ 47.6 సెంటీమీటర్లు. కోణాల తేడా 8.85 డిగ్రీలు, మ్యాపులో సూటి దూరం సుమారు 980 కిలోమీటర్లు (రైలు దూరం వేస్తే లెక్క పాడవుతుంది). 360ని 8.85తో భాగించి 980తో గుణిస్తే దాదాపు 40,000.

ప్ర: ఆర్యభటుడు భూమి తిరుగుతుందని అన్నాడంటారు. మరి తర్వాతివాళ్లు ఎందుకు ఒప్పుకోలేదు?

జ: సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే ఒడ్డున కొబ్బరిచెట్లు వెనక్కి పోతున్నట్టు ఉంటుంది కదా. 499 నాటి ఆర్యభటీయంలో పోలిక అదే: పడవలో ముందుకి పోయేవాడికి కదలనివి వెనక్కి పోతున్నట్టే, కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు తోస్తాయి. మాటతో ఆగకుండా అంకె కట్టాడు. 43,20,000 ఏళ్లలో భూమి 1,58,22,37,500 చుట్లు. భాగించి చూస్తే ఒక చుట్టుకి 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు. నేటి కొలతకీ దానికీ తేడా సెకనులో చిన్న భాగమే.

కాదన్నవాళ్లూ తెలివైనవాళ్లే. భూమి తిరిగితే ఆకాశంలోకి ఎగిరిన డేగ గూటికి ఎలా చేరుతుందని వరాహమిహిరుడు, ఎత్తయినవి కూలవేమని 628లో బ్రహ్మగుప్తుడు అడిగారు. గాలి, పక్షి, గూడు అన్నీ నేలతోపాటే సాగుతున్నాయన్న ఊహ అప్పటికి లేదు. పంటు మీద బంతి పైకి విసరండి, చేతిలోనే పడుతుంది. కోనసీమ నేల సెకనుకి దాదాపు 446 మీటర్లు తూర్పుకి పోతున్నా మనకి తెలియకపోవడం అందుకే.

ప్ర: కుజుడు వక్రగతిలో ఉన్నాడంటే నిజంగా వెనక్కి పోతాడా?

జ: పోడు. రెండేళ్ల రెండు నెలలకోసారి భూమి లోపలి దారిన అతన్ని దాటేటప్పుడు, రెండు నుంచి రెండున్నర నెలలు వెనక్కి నడిచినట్టు కనబడతాడు. చూడాలంటే వారానికోసారి, పక్క నక్షత్రాలతో పోల్చి కాగితం మీద గుర్తు పెట్టండి. కొబ్బరి మట్టతోనో ఇంటి కప్పుతోనో పోలిస్తే ఏమీ తెలియదు, ఆకాశమంతా రోజూ జరుగుతూనే ఉంటుంది కాబట్టి.

భూమిని నడుమ పెట్టిన గ్రీకు ఖగోళజ్ఞుడు టాలెమీ క్రీ.శ. 150 ప్రాంతంలో ఈ వెనకనడక కోసం పెద్ద చక్రం మీద చిన్న చక్రం ఎక్కించాడు. మన సిద్ధాంత గ్రంథాల్లో శీఘ్ర వృత్తమనే చిన్న చక్రం పనీ అదే. కుజుడి పెద్ద చక్రం వ్యాసార్ధం 60 అయితే చిన్నదానిది 39.5 అన్నాడు, నిష్పత్తి 0.658. సూర్యుడి నుంచి భూమి దూరాన్ని కుజుడి దూరంతో భాగిస్తే నేడు వచ్చేది 0.656. అతను గీసిన ఆ చిన్న చక్రం, గుర్తుపట్టకుండానే గీసిన మన భూమి కక్ష్య. 1500 ప్రాంతంలో కేరళలో నీలకంఠ సోమయాజి అయిదు గ్రహాలనీ సూర్యుడి చుట్టూ తిప్పి, సూర్యుణ్ణి మాత్రం భూమి చుట్టూనే ఉంచాడు.