మలేరియా నెగెటివ్, వైడల్ పాజిటివ్, జ్వరం మాత్రం తగ్గట్లేదు: సమాధానం

మొదటి టెస్టులో దొరకని మలేరియా అయ్యుండొచ్చు. రాయగడలో ఉన్న మీ తమ్ముడికి 5 రోజులుగా చలిజ్వరం, మలేరియా కార్డు టెస్టు నెగెటివ్, వైడల్ (టైఫాయిడ్‌కి చేసే రక్తపరీక్ష) 1:80, టైఫాయిడ్ మందు వాడినా తగ్గలేదు అన్నారు కదా.

1. ఆ వైడల్‌ని పట్టుకుని వేలాడకండి. మన వైపు ఆరోగ్యంగా తిరిగేవాళ్ళకీ 1:80 వస్తుంది. టైఫాయిడ్‌ని తేల్చేది బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష), అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు తీస్తేనే నమ్మకం.

2. అందరూ వదిలేసేది ఇదే: మలేరియా టెస్టు మళ్ళీ చేయించడం. రక్తంలో క్రిములు తక్కువగా ఉంటే కార్డు మీద గీత పడదు. అందుకే ఒక్క నెగెటివ్‌తో మలేరియా లేదనుకోకూడదు. 12 నుంచి 24 గంటల తేడాతో, మొత్తం 3 సార్లు రక్తం స్లైడు చూపించండి. చలి పుట్టేదాకా ఆగక్కర్లేదు. గాజుపలక మీద మందపాటి చుక్క, పల్చటి పూత రెండూ వేయమనండి: మొదటిదాంట్లో క్రిమి ఉందో లేదో, రెండోదాంట్లో అది ఏ రకం మలేరియా క్రిమి, ఫాల్సిపారమా, వైవాక్సా అన్నదీ తెలుస్తుంది.
ఈలోగా ఇంట్లో మిగిలిన మలేరియా మాత్రలు వేయకండి. స్లైడులో ఉన్నదీ కనపడకుండా పోతుంది.

3. చంకలు, గజ్జలు, నడుము దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు ఉందేమో చూడండి. నొప్పి ఉండదు, అడిగితే లేదనే అంటాడు. ఉంటే స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) అనుమానించాలి, దాని మందు వేరు. డాక్టరుకి చూపించండి.

మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం నల్లగా వచ్చినా స్లైడు రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.