పాలపుంత ఫోటోలకి టెలిస్కోప్ వద్దు, ఆగ్నేయం చూసే ఒడ్డు కావాలి

ప్రశ్న ఇది: "ఆమదాలవలసలో ఉంటాను. బడ్జెట్ 30 వేలు. పాలపుంత ఫోటోలు తీయాలని ఉంది. ఏ టెలిస్కోప్ కొనాలి? లంబసింగి లాంటి చోటికి వెళ్లాల్సిందేనా?"

టెలిస్కోప్ కొనకండి. లంబసింగి వెళ్లకండి. రెండూ గట్టిగానే చెప్తున్నాను.

ముందు టెలిస్కోప్ సంగతి. మీ బడ్జెట్‌కి ఆన్‌లైన్‌లో కనబడేది 70 మిల్లీమీటర్ల గొట్టం, డబ్బా మీద "525 రెట్లు" అని ఉంటుంది. ఆ అంకె ఎలా వస్తుందంటే, 700 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌ని 4 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే లెన్స్) భాగిస్తే 175, దానికి 3 రెట్ల బార్లో లెన్స్ (బొమ్మని ఇంకా పెంచే అదనపు లెన్స్) తగిలిస్తే 525. కాగితం మీద నిజమే. కానీ ముందు అద్దం వెడల్పులో మిల్లీమీటరుకి రెండు రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుందే గానీ కొత్తగా ఏమీ కనబడదు. 70 మి.మీ. గొట్టానికి 140 దగ్గర ఆగాలి. పైగా భూమి తిరుగుతోంది కదా, 525 రెట్ల దగ్గర గురుగ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకి పాతిక సెకన్లలోపే జారిపోతుంది. దాన్ని పట్టుకుందామని ఆ సన్నకాళ్ల స్టాండుని ముట్టుకుంటే బొమ్మంతా వణుకుతుంది. ఇంతా చేసి పాలపుంత ఆకాశంలో ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకున్నది. దానికి దగ్గరికి లాగే గొట్టం ఎందుకు? వెడల్పుగా చూసే లెన్స్ కావాలి.

కాబట్టి 30 వేలు ఇలా పెట్టండి. మాన్యువల్ మోడ్ ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్, దాంతో వచ్చే 18-55 కిట్ లెన్స్, రెండూ సెకండ్ హ్యాండ్‌లో. ఎనిమిది పదేళ్ల కిందటి మోడల్ అయినా ఫర్వాలేదు. కొనేముందు లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూటి దారాల్లాంటివి కనబడితే అది ఫంగస్, వదిలేయండి. తర్వాత బరువైన ట్రైపాడ్, ఇందులో మాత్రం పీనాసితనం వద్దు. మిగిలిన డబ్బుతో 10×50 బైనాక్యులర్. మోచేతులు గోడకి ఆనించి పట్టుకుంటే గురుడి నాలుగు చందమామలు దాంట్లోనే కనబడతాయి.

ఇక లంబసింగి. జనం అక్కడికి వెళ్లేది డిసెంబరు, జనవరిలో, పొగమంచు కోసం. ఆ నెలల్లో పాలపుంత నడిబొడ్డు రాత్రిపూట దాదాపు ఉండదు. అది ఉన్నది ధనూరాశిలో, మూలా నక్షత్రానికి దగ్గర్లో. ధనుర్మాసం అంటేనే సూర్యుడు ధనూరాశిలో ఉన్న నెల. సూర్యుడి వెనక ఉన్నదాన్ని ఏ కొండెక్కి తీస్తారు?

మన జిల్లాల అసలు భాగ్యం సముద్రం. శ్రీకాకుళం, విజయనగరం తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. ఒడ్డున నిలబడి నీళ్లకేసి చూస్తే మొహం ఆగ్నేయానికి ఉంటుంది. పాలపుంత నడిబొడ్డు ఉదయించేది కూడా సరిగ్గా అటే, తూర్పుకి కుడివైపు 30 డిగ్రీల దగ్గర. ఎదురుగా ఊరు లేదు, హైవే లేదు, బంగాళాఖాతమే. మన అక్షాంశం 18 డిగ్రీల పైచిలుకు కాబట్టి ఆ నడిబొడ్డు ఇక్కడ 43 డిగ్రీల ఎత్తుకి లేస్తుంది. లద్దాఖ్‌లోని హాన్లేలో గాలి పల్చన, చీకటి చిక్కన, నిజమే. కానీ అక్కడ అది 28 డిగ్రీలు దాటదు. మొదలుపెట్టేవాళ్లకి మన ఒడ్డు కంటే మంచి చోటు దేశంలో ఇంకోటి లేదన్నది నా గట్టి నమ్మకం.

ఇటు శ్రీకాకుళం వైపు కళింగపట్నం, భావనపాడు, బారువ. విజయనగరం వైపు కోనాడ, చింతపల్లి. ఏజెన్సీ చింతపల్లి కాదు, పూసపాటిరేగ మండలంలో లైట్‌హౌస్ ఉన్న చింతపల్లి. ఆ ఒడ్డు నుంచి నైరుతి దిక్కున విశాఖ వెలుగు తెల్లగా పొంగుతుంది, కాబట్టి అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో పాలపుంత నైరుతికి వాలినప్పుడు అక్కడ తీయకండి. వేసవి తెల్లవారుజాముకైతే చింతపల్లి బంగారం. ఉద్దానం జీడితోటల్లోకి మాత్రం చీకట్లో అడుగుపెట్టొద్దు, ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఎక్కడికైనా ఇద్దరు ముగ్గురుగా వెళ్లండి. పగలే ఒకసారి వెళ్లి చోటు చూసుకుని, ఒడ్డున ఉన్న మత్స్యకారులకి ఫలానా రాత్రి వస్తామని చెప్పి రండి.

ఏ రోజు వెళ్లాలో గోడ మీద తెలుగు క్యాలెండరే చెప్తుంది. అందరూ అమావాస్య ఒక్కటే చూస్తారు, అది సగం తెలివే. సాయంత్రం ఫోటోలకి బహుళ పక్షం కావాలి: బహుళ పంచమి దాటితే చంద్రుడు రాత్రి పదిన్నర, పదకొండు దాకా రాడు. తెల్లవారుజాము ఫోటోలకి శుద్ధ పక్షం కావాలి: శుద్ధ అష్టమికి అర్ధరాత్రి ప్రాంతంలో, దశమికి దాదాపు రెండింటికి చంద్రుడు దిగిపోతాడు. అంటే నెలలో మీకు దొరికేవి రెండు రాత్రులు కాదు, పదికి పైనే. ఫిబ్రవరి ఆఖరులో నడిబొడ్డు రాత్రి రెండింటికి లేస్తుంది, మార్చి మూడో వారానికి పన్నెండున్నరకి, ఏప్రిల్ ఆఖరుకి పదింటికే. జూన్ వచ్చిందంటే మబ్బులు, అక్కడితో సరి.

చైత్ర శుద్ధ సప్తమి రాత్రి, కళింగపట్నం అనుకోండి. ఒంటిగంటన్నరకి ఒడ్డుకి చేరాలి. లైట్‌హౌస్ నుంచి కనీసం కిలోమీటరు దూరం నడిచి, దాన్ని వీపు వెనక్కి పెట్టుకోండి. ట్రైపాడ్ కాళ్లని ఇసకలో ఊరికే ఆనించకండి, అరగంటలో ఒక కాలు దిగుతుంది. నాలుగంగుళాలు లోపలికి గుచ్చండి, లేదా ఒక్కో కాలి కింద చిన్న చెక్కముక్క పెట్టండి. తడి ఇసక దగ్గర కెరటం విరిగిన ప్రతిసారీ అదురు వస్తుంది, పొడి ఇసకలోనే ఉండండి. ఫోన్ తెరకి ఎర్ర జిలుగు కాగితం రెండు మూడు పొరలు చుట్టండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క వాట్సాప్ మెసేజ్ చూస్తే మళ్లీ మొదటికొస్తారు.

లెన్స్ 18 దగ్గర, ఎఫ్ 3.5 (లెన్స్ కన్ను పూర్తిగా తెరిచి), ఐఎస్‌ఓ 3200 (వెలుగుని ఎంత పెంచి చూపాలన్న అంకె), రా ఫార్మాట్ (కెమెరా మార్చని అసలు ఫైలు). లెన్స్ మీద స్టెబిలైజర్ ఆఫ్ చెయ్యండి, ట్రైపాడ్ మీద అది లేని కదలికని వెతికి తనే కదులుతుంది. షట్టర్ ఎంతసేపు అంటే, 500ని ఫోకల్ లెంగ్త్‌తోనూ సెన్సార్ గుణకంతోనూ (సెన్సార్ చిన్నదైనందుకు వేసే లెక్క, ఇక్కడ 1.6) భాగించమంటారు: 500 బై 18 బై 1.6, అంటే 17 సెకన్లు. ఈ సూత్రం ఫిల్మ్ కాలం నాటిది. 17 సెకన్లలో చుక్క నాలుగైదు పిక్సెళ్లు సాగుతుంది, పెద్దది చేస్తే బియ్యపుగింజలా కనబడుతుంది. 10 నుంచి 13 మధ్య ఉంచండి.

ఫోకస్ దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. ఆటోఫోకస్ చీకట్లో పనిచెయ్యదు, లెన్స్ మీద అనంతం గుర్తు ఉన్నా దాన్ని నమ్మొద్దు. లైవ్ వ్యూ (వెనక తెర మీద బొమ్మ చూపే పద్ధతి) పెట్టి, బాగా పైన మెరిసే స్వాతిని 10 రెట్లు పెద్దది చేసి, రింగ్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. చుక్క చిన్నదవుతూ చిన్నదవుతూ ఒకచోట మళ్లీ ఉబ్బడం మొదలుపెడుతుంది. వెనక్కొచ్చి, అన్నిటికన్నా చిన్నగా ఉన్నచోట ఆపి, రింగ్ మీద టేప్ వెయ్యండి. ఎస్‌టీఎం రకం లెన్స్ అయితే రింగ్ నేరుగా గాజుని తిప్పదు, లోపలి మోటారు తిప్పుతుంది. కెమెరా నిద్రపోయి లేచేసరికి ఆ ఫోకస్ పోతుంది, టేప్ ఉన్నా లాభం లేదు. ఆటో పవర్ ఆఫ్ ముందే తీసెయ్యండి.

రెండున్నరకల్లా వృశ్చికం కొండి పైకెత్తి, దాని ఎడమపక్క పాలపుంత సముద్రం మీంచి పొగలా లేస్తూ ఉంటుంది. రిమోట్ కేబుల్ బిగించి వరసగా 64 ఫ్రేములు తీయండి, 14 నిమిషాల పని. నాయిస్ (ఫోటోలో కనబడే గరుకు చుక్కలు) ఫ్రేముల సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది, 64 కలిపితే ఎనిమిదో వంతుకి పడుతుంది. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫ్రేముకీ అంతేసేపు ఊరికే కూర్చుంటుంది, తీసెయ్యండి.

మూడింటికి గాలి పడిపోతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు కష్టం. తెర మీద చుక్కలు కొంచెం లావెక్కుతాయి. తర్వాతి ఫ్రేములో వృశ్చికంలోని జ్యేష్ఠ చుక్క చుట్టూ లేత పసుపు గుడి కట్టినట్టు ఉంటుంది. ఫోకస్ జరిగిందనుకుని టేప్ పీకి రింగ్ తిప్పుతారు. ఎంత తిప్పినా చుక్క చిన్నదవదు, ఎందుకంటే తప్పు ఫోకస్‌ది కాదు. ఎర్రలైటుని లెన్స్‌కి పక్కనుంచి, ఏటవాలుగా వేసి చూడండి. గాజు మధ్యలో, అద్దం మీద ఊదినట్టు, బూడిదరంగు మరక ఉంటుంది. మంచు. నిర్మలాకాశం కిందున్న గాజు తన వేడిని ఆకాశానికి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. మన తీరపు గాలిలో తేమ ఎలాగూ నిండా ఉంటుంది, ఒకటి రెండు డిగ్రీల తేడా చాలు. ఇప్పుడు ఫోకసూ పోయింది, గాజూ పోయింది. తువ్వాలుతో తుడిస్తే ఉప్పు రేణువులు కోటింగ్ మీద గీతలు పెడతాయి. ఇలా ఒక్క తప్పుతో రాత్రంతా పోగొట్టుకుని కెమెరా అమ్మేసినవాళ్లు ఉన్నారు.

దీనికి మందు తేలిక. 5 వోల్టుల యూఎస్‌బీ డ్యూ హీటర్ పట్టీ దొరుకుతుంది. లెన్స్ ముందు అంచుకి చుట్టి పవర్ బ్యాంకుకి తగిలించండి. 5 వాట్ల పట్టీ అయితే 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు తెల్లారేదాకా వస్తుంది. మంచు పట్టాక కాదు, ఫోకస్ చెయ్యకముందే ఆన్ చెయ్యండి, వేడికి ఫోకస్ కొద్దిగా జరుగుతుంది కాబట్టి. గాజుని గాలి కంటే కాస్త వెచ్చగా ఉంచితే చాలు, కాల్చక్కర్లేదు.

నాలుగున్నరకి తూర్పు తెల్లబడుతుంది. సర్దుకునేలోగా లెన్స్‌కి మూత పెట్టి అవే సెట్టింగ్‌లతో 20 ఫ్రేములు తీయండి, సెన్సార్ వేడిచుక్కలని తీసెయ్యడానికి అవి కావాలి. ఇంట్లో తీస్తే ఉష్ణోగ్రత వేరు, పనికిరావు. సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అన్నీ వేసి, ఆకాశం ఎక్కడిదాకా ఉందో గీసి చూపిస్తే చుక్కల్ని ఒకదానిమీద ఒకటి అదే పేరుస్తుంది. తర్వాత గింప్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో కర్వ్స్ (వెలుగునీడల్ని మార్చే గీత) మెల్లగా పైకి లాగండి. ఆకాశం ఊదారంగుకి తిరిగితే ఎక్కువ లాగినట్టు.

ప్రశ్నలో లేకపోయినా ఇది చెప్పకుండా ఉండలేను. ఈమధ్య బీచ్‌ల దగ్గర ఎత్తైన స్తంభాలకి తెల్లటి ఎల్‌ఈడీలు, పైన డొప్ప లేకుండా, రాత్రంతా వెలుగుతున్నాయి. తెల్ల ఎల్‌ఈడీలో నీలికాంతి ఎక్కువ, గాలిలో అన్నిటికంటే ఎక్కువగా చెదిరేది అదే. దీపానికి కిందకి తిప్పిన డొప్ప, పసుపు రంగు బల్బు, అర్ధరాత్రి తర్వాత సగం వెలుగు, ఇంతే కదా అడిగేది. మన ఫోటోల కోసమే కాదు. ఇదే ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. పిల్లలు ఇసకలోంచి బయటపడ్డాక వెలుగున్న వైపుకి పాకుతాయి. చీకటి రాత్రుల్లో ఆ వెలుగు సముద్రానిది, దీపాలుంటే రోడ్డుది. మీరూ అక్కడ తెల్ల టార్చ్ వెయ్యకండి.

చలికాలంలో నడిబొడ్డు లేదని కెమెరా అటకెక్కించొద్దు. సంక్రాంతి రాత్రి ఎనిమిదింటికి నడినెత్తిన పిల్లలకోడి ఉంటుంది, దానికి తూర్పుగా రోహిణి, ఆ కింద మృగశిర, ఆరుద్ర. కోతలైన పొలం గట్టు చాలు. ఎప్పుడైనా 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ దొరికితే, ఎఫ్ 2.8కి తగ్గించి 4 సెకన్ల ఫ్రేములు 150 తీయండి. మృగవ్యాధుడి (ఓరియన్) కత్తిలో ఉన్న నెబ్యులా (వాయువుల మేఘం) గులాబీరంగులో విచ్చుకుంటుంది. భోగి తెల్లవారుజామున మాత్రం తీయకండి, మంటల పొగ గాల్లో ఉంటుంది.

ఒడ్డు నుంచి ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే నెలలో మరలు బిగుసుకుపోతాయి. లెన్స్ మీద ఊదుడు బంతితో ఇసక పోయాకే మెత్తటి గుడ్డ తగలాలి. వర్షాకాలం నాలుగు నెలలూ కెమెరాని గుడ్డ సంచిలో పెట్టకండి, ఫంగస్‌కి అదే ఇల్లు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న తేమ మీటరు. ముల్లు 40, 50 శాతం మధ్య ఉండాలి. బియ్యం పొయ్యొద్దు, ఆ పిండి లెన్స్‌లోకి వెళ్తుంది. ముల్లు 60 దాటితే జెల్ మార్చండి.