కార్డు చేతిలో ఉంది, పేరు జాబితాలో లేదు

"మాది నెల్లూరు జిల్లా. తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో ఉద్యోగం. ఊళ్ళో ఇల్లు, పొలం ఉన్నాయి, ఓటరు కార్డూ ఉంది. లోక్‌సభ ఎన్నికలకు ఓటు ఊళ్ళోనే ఉంచుకోవచ్చా?" అని అడిగారు.

మీకు నచ్చని జవాబే చెబుతున్నాను. ఉంచుకోకూడదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ఒక చోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరు. మీ పిల్లల బడి, మీ బస్సు, మీ నీళ్ల కుళాయి అన్నీ హైదరాబాదులో ఉన్నప్పుడు ఓటు కూడా అక్కడే ఉండాలి. ఫారం 8 నింపితే పాత చోటు నుంచి కొత్త చోటుకు మారుతుంది. కొందరు ఊళ్ళో ఓటు అలాగే ఉంచి, నగరంలో కొత్త ఓటర్ల కోసం ఉండే ఫారం 6తో ఇంకొకటి తెచ్చుకుంటారు. ఇంకెక్కడా ఓటు లేదని ఆ ఫారంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం అబద్ధమైతే ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. మా బంధువుల్లోనే రెండు ఓట్లున్నాయని గొప్పగా చెప్పుకునేవాళ్ళను చూశాను. వాళ్ళను చూస్తే నాకు మండిపోతుంది. ఎందుకంటే వాళ్ళకు రెండున్న రోజునే మా అమ్మకు ఒక్కటి కూడా లేకుండా పోయింది.

మాది ఉదయగిరి వైపు మెట్ట పల్లె. వానలు సరిగా పడవు, బోర్లు ఎండిపోతాయి, చదువుకున్నవాడూ చదువుకోనివాడూ ఊరు దాటాల్సిందే. వీధిలో సగం ఇళ్ళకు తాళాలు, మిగిలిన సగంలో ముసలివాళ్ళు. అమ్మకు రెండు మోకాళ్ళూ అరిగిపోతే 2023 వేసవి చివర్లో హైదరాబాదు తీసుకొచ్చాను. ఒక కాలికి ఆపరేషన్, అది కుదుటపడ్డాక రెండో కాలికి. మొత్తం పది నెలలకు పైగా మా ఇంట్లోనే ఉంది. ఓట్ల పండుగకు ఊరు పోవాల్సిందేనని ఉగాది నాటి నుంచి ఒకటే పోరు. ఆమె మొదటి ఓటు 1977లో వేసింది. అప్పట్లో 21 ఏళ్ళు నిండితేనే ఓటు, 1989లో కదా 18కి తగ్గించింది. పెళ్ళయి ఈ ఊరికి వచ్చాక తన పేరు మీద వచ్చిన మొదటి కాగితం ఓటరు చీటీయేనని, పొలం కాగితాల్లో కూడా తన పేరు లేదని చెబుతూ ఉంటుంది.

2024 మే 13న పోలింగ్. రెండు రోజుల ముందు బస్సు టికెట్టుకు మామూలు ధరకు మూడింతలు పెట్టి ఊరు చేరాం. పండుగకూ ఎన్నికకూ ఆ ప్రైవేటు బస్సులవాళ్ళు చేసే దోపిడీని ఆపేవాళ్ళే లేరు. పొద్దున ఏడు గంటలకే అమ్మ కొత్త చీర కట్టుకుని చేతికర్రతో బడి దగ్గర వరుసలో నిలబడింది. బయట చీటీలు రాస్తున్న కుర్రాళ్ళు జాబితా రెండుసార్లు తిరగేశారు. "అవ్వా, నీ పేరు కనబడటం లేదే" అన్నారు. లోపలికి వెళ్ళి అడిగితే అక్కడి అధికారి కూడా వెతికి, "లేదమ్మా, తీసేశారు" అన్నాడు. అమ్మ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఏజెంట్లుగా కూర్చున్న ఇద్దరూ ఆమె ఎత్తుకుని పెంచిన పిల్లలే. ఇద్దరూ తల దించుకున్నారు. "నేను బతికే ఉన్నాను కదా నాయనా" అని ఆమె వాళ్ళను అడిగింది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అప్పుడే మా పిన్ని కొడుకు ఫోను పట్టుకుని వచ్చాడు. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి, సెక్షన్ 49ఏ కింద ఛాలెంజ్ ఓటు అడగండి అని వాట్సాప్‌లో తిరిగే సందేశం చదివి వినిపించాడు. అధికారితో వాదన, వెనక వరుసలో గొణుగుడు. ఆ సందేశం పచ్చి అబద్ధం. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఏ అనేది ఓటింగ్ యంత్రం ఎలా ఉండాలో చెప్పేది. జాబితాలో ఉన్న మనిషి అసలు ఆ మనిషి కాదని ఏజెంటు అభ్యంతరం చెప్పి రెండు రూపాయలు కడితే అది ఛాలెంజ్. మన పేరు మీద ఇంకెవరో ముందే ఓటు వేసిపోతే కాగితం మీద వేయించేది టెండర్ ఓటు. రెండింటికీ ముందు జాబితాలో పేరు ఉండాలి. ఆ అబద్ధాన్ని పంచేవాళ్ళు ఎంతమంది ముసలివాళ్ళను ఎండలో నిలబెడుతున్నారో ఒక్కసారి ఆలోచించాలి.

ఇంటికొచ్చాక పక్కింటి పెద్దమ్మ మా చూరులో దోపిన ఒక కవరు తీసి ఇచ్చింది. జాగ్రత్తగా ఉంటుందని తనే అక్కడ పెట్టిందట. అది నోటీసు. మీరు ఊరు విడిచి వెళ్ళినట్లు తెలిసింది, ఫలానా తేదీన వచ్చి చెప్పుకోండి అని ఉంది. ఆ తేదీ దాటి ఆరు నెలలైంది. బీఎల్వోగా, అంటే మా పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగిగా, పనిచేసే అమ్మాయిని కలిస్తే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంటింటి పరిశీలనకు మూడుసార్లు వచ్చిందట, మూడుసార్లూ తాళమేనట. హైదరాబాదు వెళ్ళిపోయారని వీధిలో ఎవరో అన్నారట. ఆమెది తప్పనను. పేరు తీసేముందు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని చట్టంలో ఉంది, కాగితం మీద ఇచ్చారు కూడా. కానీ తాళం వేసిన ఇంటికి అంటించిన నోటీసును చదివేదెవరు? ఫారంలో ఫోను నంబరు అడిగి మరీ రాయించుకుంటారు కదా, ఒక్క ఫోను చేయకూడదా? నేను గట్టిగా నమ్మేది ఇదే: మా మెట్ట ప్రాంతంలో "ఊరు విడిచారు" అని పోయే పేర్లలో ఎక్కువ భాగం ఆస్పత్రికో, కూతురి కాన్పుకో వెళ్ళిన ముసలివాళ్ళవే.

మీరు చూడని మాట కూడా ఆ 20వ సెక్షన్‌లోనే ఉంది. తాత్కాలికంగా ఇంట్లో లేనంత మాత్రాన ఎవరూ ఆ ఊరి నివాసి కాకుండా పోరు. మా అమ్మ లెక్క అది. మీ తొమ్మిదేళ్ల లెక్క అది కాదు.

జిల్లా మారితే ఓటు పోతుందా అని మా అక్కవాళ్ళు కందుకూరులో కంగారుపడ్డారు. 2022లో కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారు. లోక్‌సభకు మాత్రం వాళ్ళు అంతకుముందు నుంచే నెల్లూరు స్థానానికే ఓటేస్తున్నారు. జిల్లా హద్దు వేరు, నియోజకవర్గం హద్దు వేరు.

మీ ఓటు మార్చుకోవడానికి కూర్చున్నరోజే ఊళ్ళో ఉన్న మీ పెద్దవాళ్ళ పేర్లు కూడా వెతకండి. ఆన్‌లైన్‌లో కనబడతాయి, లేదా 1950 నంబరుకు ఫోను చేయండి. పోలింగ్‌కు ముందు వారం చూసి లాభం లేదు. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకు కొత్త పేరు ఎక్కదు. 2024లో మన రాష్ట్రంలో ఆ తేదీ ఏప్రిల్ 25. మేము ఊరు చేరింది మే 11న.

జూన్‌లో అమ్మ చేత మళ్ళీ ఫారం 6 పెట్టించాను, 72 ఏళ్ళ వయసులో కొత్త ఓటరులాగా. పేరు ఎక్కింది. ఆ ఫారంలో దరఖాస్తుదారు నంబరుకు బదులు బంధువుల నంబరు ఇచ్చే వీలుంది. అక్కడ నా నంబరు రాశాను.