కార్తికంలో అడవి నడక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వనభోజనాల కాలం దగ్గరపడింది. ఈసారి తోటను వదిలి అడవికి వెళ్లాలనుకుంటున్న కోనసీమ, పశ్చిమ డెల్టా కుటుంబాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: ప్రతి కార్తికమాసంలో మేము ఊరి కొబ్బరితోటలోనే వనభోజనాలు చేసుకుంటాము. ఈసారి మారేడుమిల్లి వెళ్లి, అడవిలో కాస్త దూరం నడిచి, ఆ రాత్రికే ఇల్లు చేరాలని పిల్లలు పట్టుబట్టారు. మొత్తం తొమ్మిదిమందిమి. మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. చిన్నవాడికి ఐదేళ్లు. ఒక్క రోజులో అవుతుందంటారా?
– ఒక గృహిణి, అమలాపురం

జవాబు: అవుతుంది, కాని మీ పిల్లలు ఊహించుకుంటున్నంత నడక మాత్రం అవదు. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరానికి సుమారు 65 కిలోమీటర్లు, అక్కడి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి మరో 85 కిలోమీటర్లు. అంటే రానూపోనూ మూడు వందల కిలోమీటర్ల ప్రయాణం. ఇందులో గోకవరం దాటిన తరువాత వచ్చేది అడవిదారి, మలుపుల దారి. పిల్లలకు కడుపులో తిప్పడం అక్కడే మొదలవుతుంది కాబట్టి ఆ లెక్కన ఒకటి రెండు చోట్ల బండి ఆపక తప్పదు.

ఇటువంటి ప్రయాణానికి ప్రణాళికను బయలుదేరే వేళ నుంచి కాక, వెనుదిరిగే వేళ నుంచి వేసుకోవాలి. మన దేశ ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే రేఖాంశం కాకినాడకు దగ్గరగానే పోతుంది. అందువల్ల గడియారానికీ సూర్యుడికీ మన దగ్గర పెద్ద తేడా ఉండదు, నవంబరు చివరలో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది. కొండల నడుమ, చెట్ల కింద అంతకు అరగంట ముందే వెలుగు తగ్గిపోతుంది. చీకటి పడేసరికి మీ బండి గోకవరం దాటి మైదానంలోకి రావాలంటే మారేడుమిల్లి నుంచి మూడు గంటలకల్లా కదలాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు ఇల్లు వదిలి, దారిలో ఫలహారం ముగించుకుని వెళితే తొమ్మిదిన్నర ప్రాంతంలో అక్కడ ఉంటారు. మధ్యలో మిగిలే ఐదున్నర గంటలలో భోజనానికీ విశ్రాంతికీ రెండు గంటలు, అందరూ బండి దిగి సర్దుకోవడానికి మరో గంట పోతే నడకకు మిగిలేది రెండు గంటలు, మహా అయితే రెండున్నర. తొమ్మిదిమంది ఉన్న కుటుంబం చెప్పిన వేళకు గుమ్మం దాటడమంటే ఏమిటో మీకు తెలియనిది కాదు. ఇంటి దగ్గర పోయిన గంటను నడకలోనే తగ్గించుకోవాలి తప్ప, వెనుదిరిగే వేళను జరపకూడదు.

ఇక ఆ రెండు గంటలలో ఎంత దూరం నడవగలరన్నది చూద్దాం. కొండ నడకకు స్కాట్లాండు పర్వతారోహకుడు నేస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి ఆరు వందల మీటర్ల ఎత్తుకు మరో గంట. అది కొండలు అలవాటైన దృఢకాయుల లెక్క. ఐదేళ్ల పిల్లవాడు, పెద్దావిడ ఉన్న బృందం అందులో సగం వేగంతో నడిచినా మేలే. కాబట్టి వెళ్లేటప్పుడు కిలోమీటరున్నర, వచ్చేటప్పుడు కిలోమీటరున్నర అనుకుని ఆగండి. డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఇది చాలా తక్కువ అనిపించవచ్చు. కాలవగట్టు మీద నాలుగైదు కిలోమీటర్లు అలవోకగా నడిచేవారు మనలో ఎందరో ఉన్నారు. కాని గట్టు చదునుగా ఉంటుంది, అడవిదారి వేళ్లతో, రాళ్లతో ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందులోనూ మోకాళ్లకు కష్టం ఎక్కడంలో కన్నా దిగడంలోనే ఎక్కువ, ఎందుకంటే దిగేటప్పుడు ఒంటి బరువును ప్రతి అడుగులోనూ మోకాలే ఆపి పట్టుకోవాలి. ఎక్కేటప్పుడు బాగానే ఉన్నానన్న మనిషి తిరుగుదారిలో కూలబడడం అందుకే.

మీ అత్తగారి సంగతి ఇంట్లో కూర్చుని తేల్చకండి. కార్తికమాసంలో అన్నవరం వెళ్లే ఆనవాయితీ మీకు ఉండే ఉంటుంది. ఈసారి రత్నగిరికి బండిలో కాకుండా మెట్లదారిన ఎక్కించి, మెట్లదారినే దించి, మరునాడు ఆమె మోకాళ్లు ఎలా ఉన్నాయో చూడండి. వాపు లేకపోతే చేతికర్ర ఇచ్చి చిన్న నడకకు తీసుకువెళ్లవచ్చు. వాపు వస్తే ఆమె వాగు ఒడ్డున చాప మీద కూర్చుని, తోడుగా పెద్దవాళ్లలో ఒకరు ఆగిపోయేటట్టు ముందే అనుకోండి. ఎవరు ఆగాలో అక్కడికి వెళ్లాక తేల్చుకుందామంటే, ఆగేది ఎప్పుడూ కోడలే అవుతుంది!

చూడవలసినవాటి జాబితా పెంచుకోకండి. భద్రాచలం దారిలోని జలతరంగిణి జలపాతం గాని, వలమూరు పరిసరాల్లో వాగు ఒడ్డున నడక గాని, రెండింటిలో ఒకటి చాలు. వలమూరులో స్థానిక గిరిజనుల వన సంరక్షణ సమితి అటవీశాఖ తోడ్పాటుతో పర్యాటకుల విడిదిని నడుపుతోంది. అక్కడ అడిగి, దారి తెలిసిన ఊరి యువకుడిని రుసుము ఇచ్చి వెంట తీసుకువెళ్లండి. అడవిలో కట్టెలకు వెళ్లే దారులు, పశువుల దారులు ఒకదానిలోంచి ఒకటి చీలిపోతుంటాయి, ఫోనుకు సిగ్నల్ చాలాచోట్ల అందదు.

ప్రమాదాల మాటకొస్తే, పులుల కన్నా పాముల కన్నా ముందు చెప్పవలసింది వాగు గురించి. జలపాతం కింద పాచి పట్టిన బండ ఎంత జారుతుందో కాలు పెట్టేదాకా తెలియదు. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తూ ఉండగానే నీరు పెరుగుతుంది. కోనసీమ వారికి ఈత వచ్చునన్న ధీమా ఒకటి ఉంటుంది గాని, కాలవలో నేర్చిన ఈత రాళ్ల మధ్య సుడిలో పనికిరాదు. మోకాలి లోతు దాటి ఎవరూ దిగకూడదని బండి ఎక్కేముందే చెప్పండి, ముఖ్యంగా మగవారికి.

ఇదంతా చూసి మీకు హడావిడి అనిపిస్తే రెండు మార్గాలు ఉన్నాయి. ఒక రాత్రి అక్కడ గది ముందుగా తీసుకుని ఉండిపోవడం మొదటిది. రంపచోడవరంతోనే ఆగిపోయి రంప జలపాతం, భూపతిపాలెం జలాశయం చూసి రావడం రెండవది. రెండవ మార్గంలో రానూపోనూ గంటకు పైగా కలిసివస్తుంది. మీ ఇంటివారి వయసులు చూస్తే మేము దానికే మొగ్గుతాము.

ప్రశ్న: మా నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగింది. చదునైన నేల మీద నడవమన్నారు గాని ఎత్తులు ఎక్కవద్దన్నారు. పిల్లలకు మాత్రం అడవి చూడాలని ఉంది. మాకు దగ్గరలో ఏదైనా చెప్పగలరా?
– ఒక పాఠకుడు, ముమ్మిడివరం

జవాబు: మీకు అడవి ఏజెన్సీలో కాదు, గౌతమి అవతలి ఒడ్డునే ఉంది. ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటి, యానాం మీదుగా కాకినాడ దారి పట్టుకుంటే కోరంగి అభయారణ్యం వస్తుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవులు 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉన్నాయి. చొల్లంగి వైపు చెట్ల నడుమ వేసిన చెక్క వంతెన మీద ఎత్తుపల్లాలు లేకుండా నడవవచ్చు. అయినా ఎంతసేపు నడవవచ్చో మీ నాన్నగారి వైద్యుణ్ణి ఒక్క మాట అడగండి.

అక్కడికి వెళ్లేవారిలో చాలామంది పోటు (సముద్రపు నీరు ఎక్కడం), పాటు (నీరు తీయడం) చూసుకోకుండా వెళతారు. మడ అడవిలో చూడవలసినదంతా నీరు తీసిన తరువాతే కనబడుతుంది. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లు, ఒక డెక్క పెద్దదిగా ఉండే చిన్న పీతలు, బురద మీద గెంతే చేపలు, వాటికోసం దిగే కొంగలు, ఇవన్నీ పాటువేళ సంగతులు. పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు పడుతుంది, ఆ వేళ రోజురోజుకూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమి, అమావాస్యల ప్రాంతంలో పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. కాబట్టి కార్తిక పౌర్ణమికి అటూఇటూ వెళ్లేవారు వేళ కుదిరేటట్టు చూసుకుంటే మిగిలిన రోజుల్లో కన్నా ఎక్కువే చూస్తారు. ఆ వేళ తెలుసుకోవాలంటే బైరవపాలెం, కోరంగి వైపు వేటకు వెళ్లే జాలరులలో ఎవరిని అడిగినా చెబుతారు. నీటికుక్కలు, చేపలు పట్టి తినే అడవిపిల్లులు కూడా ఈ అడవిలో ఉన్నాయి గాని, మధ్యాహ్నం పూట గుంపుగా మాట్లాడుకుంటూ వెళ్లేవారికి అవి కనబడతాయని పిల్లలకు మాట ఇవ్వకండి.

ఇంకొక జాగ్రత్త. నవంబరు మన తీరానికి తుపానుల నెల. ఒకప్పుడు పెద్ద ఓడరేవుగా ఉన్న కోరంగిని ముంచెత్తినది కూడా 1839 నవంబరులో వచ్చిన తుపానే. వాతావరణశాఖ హెచ్చరిక ఉన్నా, కాకినాడ రేవులో ప్రమాద సూచిక ఎగరేసినా ఆ రోజు ప్రయాణం మానుకోండి. నడక బాగా నచ్చి మళ్లీ పుష్యమాసంలో వెళ్లాలనుకుంటే చొల్లంగి అమావాస్య నాడు మాత్రం వద్దు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర ఆ నాటి స్నానంతోనే మొదలవుతుంది కాబట్టి దారంతా జనమే ఉంటారు.

ప్రశ్న: పాపికొండలలో కూడా నడిచే దారులు ఉన్నాయా? పడవలో వెళ్లి కొంత నడిచి రావచ్చా?
– ఒక విద్యార్థి, నరసాపురం

జవాబు: పాపికొండల ఒక్క రోజు యాత్ర అంటే పడవ యాత్రే. పేరంటపల్లి దగ్గర దిగి ఆశ్రమం దాకా వెళ్లి రావడం తప్ప అందులో చెప్పుకోదగిన నడక ఉండదు. 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ప్రాంతం కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి నడవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తప్పు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఒంటి మీదే ఉంచుకోండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన ఘోరం తరువాత ఈ మాట ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ప్రశ్న: పాములు, జలగలు, ఏజెన్సీ జ్వరాలు అంటూ మావారు భయపెడుతున్నారు. ఎంతవరకు భయపడాలి? ఎలాంటి దుస్తులు, చెప్పులు వేసుకోవాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, రాజోలు

జవాబు: ఆయన భయంలో జ్వరాల మాట నిజం. ఏజెన్సీలో మలేరియా ఉంది, దానిని మోసే దోమలు కుట్టేది సాయంత్రం నుంచి తెల్లవారేదాకా. పగలు వెళ్లి పొద్దుండగానే వెనక్కి వచ్చేవారికి ప్రమాదం తక్కువ, రాత్రి ఉండేవారు దోమతెర తప్పక తీసుకువెళ్లాలి. అయితే మలేరియా కుట్టిన మర్నాడే బయటపడదు. సాధారణంగా వారం దాటిన తరువాత, ఒక్కోసారి నెలలు గడిచాక జ్వరం వస్తుంది. అప్పటికి ప్రయాణం సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి, వాతావరణం మారిందనుకుని మాత్రలు మింగుతుంటారు. జ్వరం వస్తే మీ ఊరి వైద్యుడికి ముందుగా చెప్పవలసిన మాట ‘ఏజెన్సీకి వెళ్లి వచ్చాము’ అన్నదే. ఒంటి మీద ఎక్కడైనా కాలిన మచ్చలాంటి నల్లని పొక్కు కనబడితే అదీ చూపించండి. పొదల్లోని నల్లుల వంటి అతిచిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌కు అది గుర్తు కావచ్చు.

పాములకు మన వరిచేలు కూడా తక్కువ కాదు. కట్లపాము, రక్తపింజర మీకు కొత్తవి కావు. కనబడని చోట చేయి, కాలు పెట్టకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది: ఎండుటాకుల గుట్ట మీద కూర్చోకూడదు, రాయి ఎత్తకూడదు, పడిన మానును దాటేముందు అవతల ఏముందో చూడాలి. ఒకవేళ కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ చేయవద్దు. కాటు పడిన చేయిని గాని కాలిని గాని కదలకుండా కర్రకు కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చండి. రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి ఉంది. 108కి ఫోను అందకపోతే ఎదురుచూడకుండా మీ బండిలోనే బయలుదేరండి. జలగలు వానాకాలపు బెడద, కార్తికం నాటికి తగ్గుతాయి. పట్టుకుంటే పీకకుండా కాస్త ఉప్పు చల్లితే వదిలేస్తుంది.

దుస్తుల విషయంలో ఒకటే చెబుతాము. హవాయి చెప్పులు బండిలోనే వదిలి, అడుగున గాడులున్న బూట్లు వేసుకోండి. అవి కొత్తవైతే పది రోజులు ముందునుంచే ఇంట్లో వేసుకుని తిరగండి. చీర కట్టుకుని ఎక్కవచ్చు గాని, దిగేటప్పుడు కుచ్చిళ్లు కాలికింద పడతాయి. ఆ ఒక్క రోజుకు చుడీదార్ మేలు.

ప్రశ్న: వంట అక్కడే చేసుకోవచ్చా? ఉసిరి చెట్టు కింద దీపం పెట్టుకోవాలని మా అమ్మగారి కోరిక.
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అభయారణ్యంలో గాని రిజర్వు అడవిలో గాని పొయ్యి వెలిగించడం చట్టం ఒప్పుకోదు. నవంబరు, డిసెంబరు నాటికి కింద పడిన ఆకు ఎండిపోయి ఉంటుంది కాబట్టి దీపానికీ అదే మాట వర్తిస్తుంది. అడవిలో ఉసిరి చెట్టు కనబడితే అమ్మగారు దాని కింద పసుపు కుంకుమలతో పూజ చేసుకుని అక్కడే భోజనం చేయవచ్చు. దీపం మాత్రం తెల్లవారుజామున ఇంటి దగ్గర తులసికోట వద్ద గాని, దారిలో రంప గ్రామంలోని పాత శివాలయంలో గాని పెట్టించండి.

భోజనానికి పులిహోరను మించినది లేదు. చింతపండు పులుపు వల్ల సాయంత్రం దాకా నిలుస్తుంది. దద్దోజనం కలపాలనుకుంటే పెరుగు వేరే గిన్నెలో తీసుకువెళ్లి అక్కడ కలపండి. కొబ్బరి పచ్చడి మాత్రం వద్దు, పదకొండు గంటలకే వాసన వస్తుంది. నడకలో పిల్లలకు వేరుశనగ అచ్చులు, చక్కెరకేళీ పండ్లు ఇవ్వండి. నీళ్లు ఒక్కొక్కరికి గంట నడకకు అర లీటరు లెక్కన మోసుకెళ్లాలి, వాగు నీరు తేటగా ఉన్నా తాగవద్దు. అరిటాకులు తీసుకువెళితే ప్లాస్టిక్ పళ్లేల బెడద ఉండదు, కాని తిన్న ఆకులు కూడా అడవిలో పారేయకుండా సంచిలో వెనక్కి తెచ్చుకోండి. మన ఎంగిలి మరిగిన కోతులు తరువాత వచ్చేవారి చేతుల్లోంచి లాక్కుంటాయి. మారేడుమిల్లి దారిలో బొంగులో చికెన్ వాసన కార్తిక నియమం ఉన్నవారికి కొంత పరీక్షే. నియమం లేనివారు నడకకు వెళ్లేముందే దుకాణంలో చెప్పి వెళ్లండి. వెదురు బొంగులో కూర నిప్పుల మీద నిదానంగా ఉడకాలి, తిరుగు ప్రయాణంలో దానికోసం కూర్చుంటే మధ్యాహ్నం మూడింటికల్లా కదలాలన్న లెక్క తప్పుతుంది.