మాత్ర వేసుకుంటుంటే కుట్టుమిషన్ చేతికి రావడం లేదా?

రాయగడ నుంచి అడిగిన చెల్లెమ్మా, క్లోనజెపామ్ (ఆందోళన తగ్గించే మాత్ర) 0.5 మి.గ్రా. రాత్రిపూట వేసుకుంటూ కుట్టు నేర్చుకుంటున్నానని, నిన్న కుదిరిన పని ఇవాళ మళ్లీ మొదటికొస్తోందని రాశారు. తప్పు మీ బుర్రది కాకపోవచ్చు.

మెదడులో గాబా అనే రసాయనం బ్రేకులాంటిది. ఈ మాత్ర దాన్ని ఇంకా గట్టిగా పట్టిస్తుంది. చేతిపని నేర్చుకునేటప్పుడు కదలికలు నడిపే భాగంలో ఆ బ్రేకు కాస్త సడలాలి. సడలకపోతే ఎంత కుట్టినా అంత తేలిగ్గా నాటుకోదు. పైగా ఈ మాత్ర అర్ధాయువు (ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం) 30-40 గంటలు. అంటే మర్నాటి రాత్రికి కూడా సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. అందుకే ‘పొద్దున కుడితే సరి’ అన్న సలహా దీనికి పెద్దగా పనికిరాదు.

సూదికి దారం ఎక్కించకుండా గీతల కాగితం పెట్టి 15 నిమిషాలు మిషన్ తొక్కండి. చక్రం వెనక్కి తిరగకుండా కాలు అలవాటయ్యాకే గుడ్డ పెట్టండి. మత్తుగా ఉన్న రోజు మిషన్ జోలికి పోవద్దు. జలుబుకని సెట్రిజిన్ కలిపితే మత్తు ఇంకా పెరుగుతుంది.

మాత్ర మాత్రం మీరే ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు! బరంపురం మెడికల్ కాలేజీలోనైనా సరే, మానసిక వైద్యుణ్ని కలిసి మెల్లగా తగ్గించవచ్చేమో, గాబా మీద పనిచేయని బస్పిరోన్ లాంటి ఆందోళన మందు సరిపడుతుందేమో అడగండి.