ఆకతాయి చేతిని పట్టేసుకునే ఫైర్ అలారం నిజంగా ఉండేదా?

ఉండేది, ఆలోచనగానైతే కచ్చితంగా.

అమెరికాలోని బోస్టన్‌లో 1852లో మంటల కబురును టెలిగ్రాఫ్ తీగ మీద పంపే అలారం పెట్టెలు వీధుల్లోకి వచ్చాయి. పెట్టెలోని యంత్రం తన నంబరును మాత్రమే పంపేది. ఏ వీధో తెలిసేది, అలారం కొట్టిందెవరో తెలిసేది కాదు. మంటల్లేకుండానే అలారం కొట్టే ఆకతాయిలకు అదే అలుసు.

మొదట్లో పెట్టెలకు తాళం వేసి, తాళంచెవులు పోలీసులకు, దగ్గర్లోని నమ్మకస్తులకు ఇచ్చేవారు. దాంతో నిజంగా మంటలు లేస్తే ముందు తాళంచెవి కోసం పరుగెత్తాలి! తర్వాత, తలుపు తెరవడానికి పిడి తిప్పగానే అక్కడే గంట గణగణా మోగే పెట్టెలు వచ్చాయి. చుట్టుపక్కల వాళ్లు తలతిప్పి చూస్తారుగా, అదీ కిటుకు.

ఇక మీరడిగినది: 20వ శతాబ్దపు తొలి సగంలో కొందరు మణికట్టును బిగించేసే పెట్టెలు రూపొందించారు. అలారం కొట్టాలంటే చేయి లోపల పెట్టాలి, ఫైర్ సిబ్బంది వచ్చి తాళం తీసేదాకా అక్కడే నిలబడాలి. దొంగ దొరుకుతాడు సరే, మంట పెట్టె దాకా వస్తే? పైగా చేయి ఇరుక్కుంటుందన్న భయంతో నిజాయితీపరుడు కూడా వెనకాడతాడు. నా లెక్కలో గంట ఉపాయమే నయం.

చేతికి రంగు అంటించే పద్ధతీ ఉంది. వేలికి రంగున్నవాణ్ణి వెతికి పట్టుకోవచ్చు.